పాత కాయినోళ్లు, కొత్త కాయినోళ్లు

ఆ ఎండాకాలం మా నాన్న, మా తమ్ముడు పాండు ఒకే గదిలో, ఒకే కూలర్ ముందు కూర్చుని, ఒకరి ముఖం ఒకరు చూడకుండా ఫోన్లలో తిట్టుకునేవారు. నాన్న ఇటు గోడకు ఆనుకుని తన గ్రూపులో ఒక వాయిస్ పెట్టేవాడు. ఎవరో దాన్ని మోసుకెళ్లి రెండో గ్రూపులో వేసేవారు. అటు గోడకు ఆనుకున్న పాండు అది విని, పళ్లు నూరి, తన గ్రూపులో జవాబు పెట్టేవాడు. మధ్యలో మా అమ్మ ముత్యమ్మ అన్నం గిన్నె పట్టుకుని నిలబడేది.

"నోటితోని మాట్లాడుకోరాదుండ్రి. ఎదురెదురుంగనే ఉన్నరు గదా."

ఇద్దరూ వినేవారు కాదు.

ఈ గొడవంతా ఒక కాయిన్ గురించి. దాని పేరు మంజీర. చేతికి దొరికేది కాదు, ఫోన్లో ఒక యాప్‌లో మెరిసేది. డబ్బు పెట్టి కొంటే విలువ పెరుగుతూ పోతుందనేవారు. దాన్ని మా పాశమైలారానికి తెచ్చినవాడు చలపతిరావు అనే ఆయన. ఎక్కడివాడో ఎవరికీ సరిగా తెలియదు. అంతకుముందు చలికాలం పటాన్‌చెరులో ఒక ఫంక్షన్ హాల్లో మీటింగు పెట్టి, మా నాన్నను వేదిక మీదికి పిలిచి శాలువా కప్పాడు. "మన టీమ్ లీడర్ శ్రీ పెద్దరాములు గారు" అని మైకులో అన్నాడు. నాన్న మీసాలు రాకముందు నుంచి యాదగిరి పటేలు పొలంలో పనిచేసినవాడు. ఆ పొలాలు ఫ్యాక్టరీలయ్యాక ఒక కెమికల్ కంపెనీలో బాయిలర్ దగ్గర చేరాడు. ఆయనను 'గారు' అని పిలిచినవాళ్లు అప్పటిదాకా ఎవరూ లేరు. ఆ రోజు ఇంటికి వచ్చి శాలువా తీయకుండానే అన్నం తిన్నాడు. "గారు అన్నడే ముత్యాలూ" అని అమ్మకు చెప్పిందే చెప్పాడు.

ఆ తర్వాత మా వాడంతా నాన్న చెయ్యి పట్టుకుని ఆ యాప్‌లోకి దిగింది. బాయిలర్ దగ్గరి ఒడిశా కూలీలు, గేట్ల ముందు సెక్యూరిటీవాళ్లు, పాండు నడిపే వ్యాన్‌లో షిఫ్టులకు పోయే ఆడవాళ్లు, అందరూ చేరారు. చివరికి ఒకరోజు యాదగిరి పటేలే మా ఇంటికి వచ్చాడు. మా గడప ఆయన దాటడం అదే మొదలు. అమ్మ కుర్చీ తుడిచి వేసింది. వెలిమెల దిక్కున మిగిలిన ఆఖరి చెలక అమ్మగా వచ్చిన డబ్బు ఆయన దగ్గరుంది.

"నాకు ఫోన్ల సంగతి తెల్వదు రాములూ. నువ్వు మంచిదంటే పెడ్త."

"మంచిదే పటేలా" అన్నాడు నాన్న. ఆ మాట అన్నప్పుడు ఆయన ఎంత నిటారుగా నిలబడ్డాడో నాకిప్పటికీ కళ్లకు కట్టినట్టుంది.

ఉగాది దాటాక డబ్బు వెనక్కి తీసుకునే బటన్ పనిచేయడం మానేసింది. సర్వర్ బాగుచేస్తున్నారని అందరం ఓపిక పట్టాం. ఆ తర్వాత చలపతిరావు వాయిస్ వచ్చింది.

"పాత కాయిన్ మూసేస్తున్నామండి. మంజీర గోల్డ్ అని కొత్త కాయిన్ వస్తోంది. మీ కాయిన్లన్నీ అందులోకి మార్చుకోండి, తలా ఒక కొత్త మెంబర్ని చేర్చండి. మీ డబ్బు మీకొచ్చేస్తుంది. పోలీసులు, కేసులు అన్నవాళ్ల ఖాతాలు మాత్రం శాశ్వతంగా లాక్ అయిపోతాయండి. తర్వాత మమ్మల్ని అనుకుని లాభం లేదు."

ఆ ఒక్క వాయిస్‌తో ఊరు నిలువునా చీలింది. ఇది మోసమన్నవాళ్లు పాత కాయినోళ్లు. వాళ్లకు పెద్ద యాదగిరి పటేలు తమ్ముడు నర్సింహులు. మా పాండు ఆయన పక్షం చేరాడు. ఇంకొంచెం ఆగితే డబ్బు వస్తుందని నమ్మినవాళ్లు కొత్త కాయినోళ్లు. వాళ్లకు పెద్ద మా నాన్న. పాతవాళ్లు కేసు పెడితే తమ ఖాతాలు కూడా పోతాయని కొత్తవాళ్ల భయం. కొత్తవాళ్లు ఇంకా మనుషుల్ని చేరుస్తూపోతే దొంగకు బలం పెరుగుతుందని పాతవాళ్ల మంట. అన్నదమ్ములైన యాదగిరి, నర్సింహులు మాటలు మానేశారు. నల్లా దగ్గర అమ్మ బిందె పెడితే పక్కవాళ్లు తమ బిందెలు జరుపుకునేవారు.

నేను సుల్తాన్‌పూర్‌లో సెలైన్ పైపులు తయారుచేసే కంపెనీలో పనిచేస్తాను. తలకు టోపీ, మూతికి మాస్కు, ఒంటికి గౌను. ఫోన్ లాకర్లో పెట్టి లోపలికి పోవాలి. పైపుకు పైపు అతికిస్తూ ఉంటే గుండె లాకర్లోనే కొట్టుకునేది. బయటికి వచ్చి ఫోన్ తెరిస్తే రెండు గ్రూపుల బూతులూ ఒకేసారి మీద పడేవి. రెండింట్లోనూ ఉన్నదాన్ని నేనొక్కదాన్నే అనుకుంటాను. నన్ను అటువాళ్లు ఇటు మనిషన్నారు, ఇటువాళ్లు అటు మనిషన్నారు.

మే నెలలో నర్సింహులు వాళ్లతో కలిసి నేనూ పాండూ పోలీస్ స్టేషన్‌కు వెళ్లాం. అక్కడి ఎస్సై మా మాట ఓపికగా విన్నాడు.

"మీ పైసలు మొదట ఎటు పోయినయో మీ ఫోన్లల్ల ఉంటది. ఇప్పుడు ఎటు పోతున్నయో కొత్త కాయిన్ల చేరినోళ్ల ఫోన్లల్ల ఉంటది. రెండు కలిస్తెనే దారి దొరుకుతది. వాళ్లను గూడ తోల్కొని రాండ్రి. జల్దీ రావాలె. దేశం దాటినయంటే నా చేతుల ఏం ఉండదు."

బయటికి రాగానే నర్సింహులు తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "వాళ్లెందుకొస్తరు బిడ్డా? మీ నాయిన రానిస్తడా?"

ఆ రోజే నేను మూడో గ్రూపు పెట్టాను. దానికి 'అందరం' అని పేరు పెట్టి రెండు దిక్కులవాళ్లనూ చేర్చాను. కంపెనీ పంపిన వీడియోలు వేయొద్దని, ఎవరి గొంతుతో వాళ్లు, ఎక్కడ పనిచేస్తారో, ఏం పోయిందో చెప్పాలని అడిగాను. ఎస్సై చెప్పిన మాట తెలుగులో ఒకసారి, ఒడిశా వాళ్ల కోసం నాకొచ్చిన హిందీలో ఒకసారి చెప్పాను.

మొదట ఎవరూ మాట్లాడలేదు. ఆ తర్వాత మాట్లాడారు. మాట్లాడకపోతేనే బాగుండేదనిపించింది. కొత్తవాళ్లు పాతవాళ్లను పిరికివాళ్లన్నారు. పాతవాళ్లు కొత్తవాళ్లను దొంగకు తమ్ముళ్లన్నారు. నేను ఒక్కొక్కరికీ విడిగా ఫోన్ చేసి బతిమాలాను. కొందరు ఎత్తలేదు. ఒకావిడ, నన్ను చిన్నప్పుడు ఎత్తుకు తిరిగిన మనిషి, "మీ ఇంట్ల నుంచి ఇంకో మాట నమ్మాల్నా?" అని పెట్టేసింది. సంగారెడ్డి బస్సులో కూర్చుని కూడా వాయిస్‌లు పెట్టేదాన్ని. పక్కవాళ్లు నా వైపు తిరిగి చూసేవారు.

ఒక సాయంత్రం అందరం ఇంట్లో ఉండగా నర్సింహులు వాయిస్ వచ్చింది. పాండు ఫోన్లో అది గట్టిగానే వినిపించింది.

"ఆ రాములుతోని మాకు పంచాయితేంది? మా కొట్టంల పెండ తీసినోడు. శాలువ కప్పంగనే పటేలైపోతడా? వాని మాట విని మా అన్న ఆగమైండు."

నాన్న ఆ మాట విన్నాడని మాకు తెలుసు, మేం చూస్తున్నామని ఆయనకు తెలుసు. చెంబు తీసుకుని బయటికి వెళ్లి కాళ్లు కడుక్కున్నాడు. చాలాసేపు కడుక్కున్నాడు. పాండు ఫోన్ బోర్లా పెట్టి తల వంచుకున్నాడు. కాసేపటికి నా ఫోన్ తెరిచి చూస్తే, 'అందరం' గ్రూపు నుంచి నాన్న పేరు వెళ్లిపోయింది. ఆయన వెనకే కొత్త కాయినోళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. మిగిలింది పాతవాళ్లు, నేను.

మర్నాడు డ్యూటీకి పోయే ముందు నాన్న దగ్గర కూర్చున్నాను.

"నాయినా, ఒక్కసారి మాతోని స్టేషన్‌కు రా. నీ గ్రూపోళ్లు నువ్వు జెప్తెనే ఇంటరు."

"కొత్త కాయిన్ తెరుస్తరు బిడ్డా. చలపతిరావు సార్ నాకు మాటిచ్చిండు."

"ఎప్పుడు మాట్లాడిండు?"

నాన్న చెప్పులు వెతుక్కున్నాడు. అవి కాళ్ల ముందే ఉన్నాయి.

"ఫోన్ ఎత్తుతలేడు. మీటింగులల్ల ఉన్నడేమో."

"నాయినా."

"అబద్ధమని నేనంటే ఇగ నేనెవ్వన్నే? ఇంతమందిని నేనే గదా తోల్కపోయింది." ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. ఆయన నమ్మకం ఎప్పుడో అయిపోయింది. నమ్మకుండా బతకడం ఎట్లాగో తెలియక నమ్ముతున్నాడు.

యాదగిరి పటేలు రోజూ మా ఇంటి ముందుకు వచ్చేవాడు. లోపలికి వచ్చేవాడు కాదు. గేటు పట్టుకుని నిలబడి, "తెరిసిండ్రా రాములూ?" అని అడిగేవాడు. "రేపు పటేలా" అనేవాడు నాన్న. పటేలు తల ఊపి వెళ్లిపోయేవాడు. వేసవి ముదురుతున్నకొద్దీ ఆయన అంగీ వదులవుతూ వచ్చింది.

మృగశిర కార్తె వచ్చినా వాన లేదు. ఆ రోజు నాకు సెలవు. పొద్దెక్కాక పటేలు భార్య రాధమ్మ మా ఇంటికి పరుగెత్తుకొచ్చింది. కాళ్లకు చెప్పులు లేవు.

"రాములూ, మీ పటేలు మీ ఇంటికొచ్చిండా?"

"ఇయ్యాల రాలే గదమ్మా."

"పొద్దుగాల పోయిండు. ఫోను దేవుని గూట్ల పెట్టిండు. ఉంగరం తీసి దాని మీద పెట్టిండు." అంతవరకు చెప్పి ఆమె మా గడప మీదే కూలబడింది. అమ్మ పోయి పట్టుకుంది.

నేను 'అందరం' గ్రూపులో వాయిస్ పెట్టాను. ఏం చెప్పానో సరిగా గుర్తులేదు. యాదగిరి పటేలు కనబడటం లేదని, తెల్ల అంగీ అని, కాయిన్ సంగతి ఈ రోజు వద్దని, ఎవరికి కనబడినా చెప్పమని. చెప్పి, మిగతా రెండు గ్రూపుల్లోనూ అదే వేశాను. ఫోన్ చేతిలో పట్టుకుని చూస్తూ నిలబడ్డాను. ఎవరూ పలకలేదు. ఇక పలకరనుకున్నాను.

మొదటి గొంతు ఒడిశా కుర్రాడిది, నాన్నతో పాటు బాయిలర్ దగ్గర పనిచేసేవాడు. "దీదీ, మై ఇస్నాపూర్ చౌరస్తా మే హూఁ. దేఖ్ రహా హూఁ." అక్కడే వెతుకుతున్నాడట. ఆ వెంటనే ముత్తంగి దగ్గర ఒక లారీ డ్రైవర్. రింగురోడ్డు కింద బండి ఆపానన్నాడు. తర్వాత రుద్రారం నుంచి ఒక సెక్యూరిటీ మనిషి. నన్ను తిట్టి ఫోన్ పెట్టేసిన ఆవిడ కూడా మాట్లాడింది. "మా సందు మొత్తం సూసిన బిడ్డా, ఈడ లేడు." వెళ్లిపోయినవాళ్లు మళ్లీ చేరుతున్నారు. ఎవరు పాతవాళ్లో ఎవరు కొత్తవాళ్లో ఆ గొంతుల్లో నాకు తెలియలేదు.

ఆ తర్వాత నర్సింహులే ఫోన్ చేశాడు. గొంతులో కోపం లేదు. చిన్నపిల్లాడి గొంతులా ఉంది.

"ప్రియాంకా, వదిన ఆడనే ఉన్నదా? జెర ఆమెకు ఫోనియ్యి."

రాధమ్మకు ఫోనిచ్చాను. ఆమె దాన్ని చెవికి పెట్టుకుని ఏడ్చింది. అవతల ఆయన, "నేనున్న వదినా, నేను పోతున్న, నువ్వు ఇంట్లకు పో" అంటూనే ఉన్నాడు.

వాకిట్లో పాండు వ్యాన్ ఆగింది. షిఫ్టువాళ్లను దింపీ దింపకముందే తిరిగొచ్చాడు. తలుపు తెరిచి, నాన్న వైపు చూసి అన్నాడు.

"ఎక్కు నాయినా."

ఆ ఎండాకాలంలో తండ్రితో నోటితో అన్న మొదటి మాట అది. నాన్న ముందు ఎక్కాడు, నేను వెనక ఎక్కాను. ఎస్టేట్ రోడ్లన్నీ తిరిగాం. గోడలు, గేట్లు, ట్యాంకర్లు. నా ఫోన్ మోగుతూనే ఉంది. ఇక్కడ లేడు, ఇక్కడ లేడు, ఇక్కడ లేడు. పొద్దు వాలుతుండగా ట్యాంకర్ నడిపే ఒకతను నక్కవాగు మీది చిన్న వంతెన, మోరీ, ఫోటో పెట్టాడు. దూరం నుంచి తీసినది. మోరీ అంచున తెల్ల అంగీ మనిషి కూర్చుని ఉన్నాడు. "దగ్గరికి పోవాలంటే భయమైతుందక్కా. దునుకుతడేమో" అన్నాడు.

మేం చేరేసరికి నర్సింహులు మాకంటే ముందే వచ్చి ఉన్నాడు. అన్న పక్కన, ఆయనలాగే కాళ్లు వాగు మీదికి వేలాడేసి కూర్చుని, ఆయన మణికట్టు పట్టుకున్నాడు. కింద నల్లటి నీళ్లు నురుగు కక్కుతున్నాయి. ఆ వాసనకు ముక్కులు మండుతున్నాయి. పాండు వ్యాన్ దూరంగా ఆపాడు. నాన్న ఒక్కడే మెల్లగా నడుచుకుంటూ వెళ్లాడు. నేను ఆయన వెనక.

యాదగిరి పటేలు తల తిప్పి నాన్నను చూశాడు. రోజూ అడిగినట్టే అడిగాడు.

"తెరిసిండ్రా రాములూ?"

నర్సింహులు నాన్న వైపు చూశాడు. ఆ చూపులో తిట్టు లేదు, బతిమాలడం ఉంది. ఏం చెప్పమని బతిమాలుతున్నాడో ఆయనకూ తెలిసి ఉండదు.

"తెరువరు పటేలా" అన్నాడు నాన్న. "అది లేదు. నేనే తెల్వక జెప్పిన."

పటేలు చాలాసేపు నీళ్లలోకి చూశాడు. ఆయన ఊపిరి వదిలాడు.

"గట్లనా. ఇగ రేపు రేపని సూసుడైతే లేదు."

"లేదు పటేలా."

"కాళ్లు తిమ్మిరెక్కినయి. లేపుండ్రి."

చెరొక చంక పట్టి నాన్న, నర్సింహులు ఆయనను లేపారు.

ఇంటికి వచ్చాక నాన్న తన గ్రూపులో ఒక వాయిస్ పెట్టాడు. చలపతిరావు ఫోన్ ఎత్తడం లేదని, కొత్త కాయిన్ లేదని, పొద్దున అందరూ ఫోన్లు తీసుకుని స్టేషన్‌కు రావాలని. "ఎవరు చేర్పించిండ్రని అడుగుతరు. నా పేరు చెప్పుండ్రి" అన్నాడు. అమ్మ పొయ్యి ముందు కూర్చుని అంతా విన్నది.

"నిన్ను లోపలేస్తరు గదయ్యా."

"ఏస్తరు."

ఆమె లేచింది. గిన్నెలోంచి అన్నం తీసి ఒకే పళ్లెంలో కలిపి, ఒక ముద్ద ఆయనకు, ఒక ముద్ద పాండుకు పెట్టింది. పాండు నోరు తెరవకుండా కాసేపు ఏడ్చి, తర్వాత తిన్నాడు.

మర్నాడు స్టేషన్ ఆవరణ నిండిపోయింది. పాతవాళ్లు, కొత్తవాళ్లు, ఒడిశావాళ్లు, ఎండలో వరుస కట్టారు. ఎస్సై ఒక్కొక్కరి ఫోన్ చూస్తూ, ఎవరు చేర్పించారని అడుగుతున్నాడు. మొదట వచ్చినవాళ్లు నసిగారు. బల్ల మీద కూర్చున్న నాన్నను చూసి చూపు తిప్పుకున్నారు. యాదగిరి పటేలు వంతు వచ్చింది.

"మిమ్మల్ని ఎవరు చేర్పించిండ్రు?"

పటేలు నాన్న వైపు చూశాడు. ఎస్సై మళ్లీ అడిగాడు. పటేలు కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

నాన్న బల్ల మీది నుంచి లేచాడు. "చెప్పు పటేలా. నా పేరే చెప్పు."

"పెద్దరాములు" అన్నాడు పటేలు. అని ఆ పక్కనే గోడకు చేరగిలబడ్డాడు. ఇన్నాళ్లూ ఆ పేరునే తిట్టిన నర్సింహులు నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. ఆ తర్వాత వచ్చినవాళ్లంతా నసగకుండా చెప్పారు. వరుస అయిపోయాక ఎస్సై నాన్నను లోపలికి రమ్మన్నాడు. నాన్న జేబులోంచి ఫోన్ తీసి, తనే ఆయన చేతికిచ్చి వెళ్లాడు.

రెండు దిక్కుల ఫోన్లు కలిపి చూస్తే దారి కొంత దూరం దొరికింది. కొంత డబ్బు ఖాతాల్లోనే ఆగిపోయింది, కోర్టు తేల్చాక ఎప్పుడో పంచుతారంటున్నారు. ఎక్కువ భాగం అప్పటికే దేశం దాటింది. చలపతిరావు దొరకలేదు. ఆ పేరు కూడా ఆయనది కాదట. నాన్నను జైలుకు పంపారు, బాయిలర్ పని పోయింది.

బెయిలుకు హామీగా భూమి ఉన్నవాళ్ల జమానతు కావాలన్నాడు వకీలు. మా దగ్గర భూమి ఎక్కడిది? తెలిసినవాళ్లందరినీ అడిగాను, పాండు అడిగాడు. ఎవరూ ముందుకు రాలేదు. వాళ్లను తప్పు పట్టడానికి మాకు నోరు లేదు. ఆఖరికి సంగారెడ్డి కోర్టు వరండాలో అమ్మ, పాండు, నేను ఊరికే కూర్చున్నాం. అప్పుడే వాన మొదలైంది. తడిసిన అంగీతో నర్సింహులు మెట్లెక్కి వచ్చాడు. పొట్ట దగ్గర ప్లాస్టిక్ కవర్లో పట్టా పాస్‌బుక్ దాచుకుని ఉన్నాడు. వెనక యాదగిరి పటేలు గొడుగు మూస్తున్నాడు.

వకీలు కళ్లద్దాలు తీసి చూశాడు. "కేసు పెట్టినోళ్లే జమానతిస్తరా?"

"మా అన్న ఇడిసిపెడ్తలేడు సార్" అన్నాడు నర్సింహులు విసుగ్గా. "యాడ సంతకం పెట్టాలె?"

సాయంత్రానికి నాన్న బయటికి వచ్చాడు. గడ్డం పెరిగి ఉంది. నర్సింహులు ఆయన ఎదుటికి పోయి వేలు చూపించి అన్నాడు.

"తారీఖు తారీఖుకు రావాలె. రాకుంటే నా భూమి పోతది."

"వస్త" అన్నాడు నాన్న.

ఇప్పటికీ ప్రతి తారీఖుకూ కోర్టు తలుపులు తెరవకముందే పోయి మెట్ల మీద కూర్చుంటాడు.